తొమ్మిదోసారి నొక్కిన బటన్

మోటార్ల గురించి నాగేంద్రప్రసాద్‌కి తెలియని సంగతి లేదు. ఈ మాట అన్నది నాగేంద్రప్రసాదే, అదీ రోజుకి రెండుసార్లు, కాబట్టి నమ్మి తీరాల్సిందే! కడప జిల్లాలో వేరుశనగ చేలకి నీళ్ళు కట్టిన చేతులు, కువైట్‌లో ఒక పెద్దింటికి డ్రైవరు, తోటమాలి, బల్బులు మార్చేవాడు, అన్నీ తనే అయి ఎనిమిదేళ్ళు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి ఊరిమీద కూర్చునేసరికి అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పెళ్ళాం బిడ్డలతో లండన్‌లో సెలవుల్లో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురే. కఫీల్‌ని కన్న తల్లి, అందరూ యుమ్మా అని పిలిచే ఎనభై ఏళ్ళ ముసలావిడ. వంట చేసే రాయచోటి పోలేరమ్మ. ఇక మన మోటార్ల మహారాజు.

ఫోన్ లైన్లు తెగిపోయే ముందు ఇంటి ఇల్లాలు, పనివాళ్ళు మామా అని పిలిచే ఆవిడ, లండన్ నుంచి ఒకటే మాట చెప్పింది. "నాగేంద్రా, యుమ్మా ఊపిరితిత్తులు మంచివి కావు, నీ చేతుల్లో పెడుతున్నా." "నేనున్నా మామా!" అనేశాడు ఇతను. అన్నాడు కాబట్టే సెప్టెంబర్‌లో మన ఊళ్ళవాళ్ళంతా బస్సులెక్కి జోర్డాన్‌లోని అమ్మాన్ దారి పడితే, అతనూ పోలేరమ్మా ఆగిపోయారు.

డిసెంబర్ వచ్చింది. కువైట్ అంటే ఎండే అనుకునేవాళ్ళని ఆ పాలరాతి హాల్లో ఒక్క ఉదయం చెప్పుల్లేకుండా నడిపించాలి! యుమ్మాకి దగ్గు మొదలైంది. దగ్గితే గాజు గ్లాసులు కదిలేంత దగ్గు. ఇంటి కింద సెల్లార్‌లో డీజిల్‌తో నడిచే పెద్ద ఫర్నేస్ ఒకటి ఉంది, అది మండితే గోడల్లోని గొట్టాల గుండా ప్రతి గదికీ వేడిగాలి వస్తుంది. దాన్ని ఏటా నవంబర్‌లో షువైఖ్ గ్యారేజీ నుంచి అబ్దుల్ ఖాదర్ అనే మెకానిక్ వచ్చి శుభ్రం చేసి వెలిగించేవాడు. ఈసారి ఆయన కూడా అమ్మాన్ బస్సెక్కేశాడు.

"మెకానిక్ ఎందుకక్కా, నేను లేనా?" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"నువ్వుండావనే నా భయమంతా" అంది పోలేరమ్మ.

పొద్దున తొమ్మిదింటికి స్క్రూడ్రైవరు ఒకటి చెవిమీద పెట్టుకుని (దాంతో పనేం లేదు, ఊరికే) సెల్లార్‌లోకి దిగాడు. స్విచ్చి వేశాడు. ఫర్నేస్ గుర్రుమంది, టకటకమంది, ఆగిపోయింది. ఎర్ర బటన్ ఒకటి పైకి లేచింది. దాని కింద అరబ్బీలో ఒక్కసారే నొక్కండి అని రాసుంది. అరబ్బీ మాట్లాడతాడు కానీ చదవలేడు కదా! పైగా చదవాల్సిన అవసరం ఏముంది, ఇది అచ్చం ఊళ్ళో మోటార్ స్టార్టరే! అక్కడ కరెంటు వచ్చీరానట్టు వస్తుంది, మోటారు మూలిగి పడిపోతుంది, రైతు మళ్ళీ బటన్ నొక్కుతాడు, పడిపోతుంది, మళ్ళీ నొక్కుతాడు. వాళ్ళ నాయన నలభైసార్లు నొక్కి నీళ్ళు తెప్పించిన రోజులున్నాయి. నొక్కేవాడి ఓపికే గానీ బటన్‌ది ఏముంది?

నొక్కాడు. గుర్రు, టకటక, ఆగింది. మళ్ళీ నొక్కాడు.

"పట్టుకునిందా?" పైనుంచి పోలేరమ్మ.

"పట్టుకుంటాది, రోంత ఆగక్కా!"

నొక్కిన ప్రతిసారీ లోపల మండని డీజిల్ జల్లుజల్లుగా పడి ఫర్నేస్ కడుపు నింపుతోందని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? ఏడు. ఎనిమిది. తొమ్మిదోసారికి పట్టుకుంది. మొత్తం ఒకేసారి పట్టుకుంది!

ఢమ్మని ఇల్లంతా ఒక్క గంతేసింది. నాగేంద్రప్రసాద్ వెల్లకిలా పడ్డాడు. పడి, కళ్ళు తెరిచి, ముందు స్విచ్చి ఆపాడు, తర్వాత బతికే ఉన్నానని సంతోషించాడు, ఆ తర్వాత తలెత్తి గొట్టాలు చూసి ఆ సంతోషం కాస్తా మానుకున్నాడు. మసంతా ఆ గొట్టాల్లోంచి పైకి పోయింది. ప్రతి గదికీ!

మెట్లమీద పరిగెత్తాడు. మామా ఫ్రాన్స్ నుంచి తెప్పించిన తెల్ల సోఫాలు నల్లగా. తెల్ల పరదాలు నల్లగా. పైన మంచం మీద యుమ్మా నిటారుగా కూర్చునుంది, తెల్ల ముసుగంతా మసే, ఒకటే దగ్గు.

"వెచ్చబెడతానని చెప్పి పొగబెడ్తివేంరా సచ్చినోడా!" పోలేరమ్మ ఆమె వీపు రుద్దుతోంది.

ఇంతలో గేటు దబదబా బాదారు. చప్పుడికి చెక్‌పోస్ట్ నుంచి ఇద్దరు ఇరాకీ సైనికులు. నాగేంద్రప్రసాద్ తలుపు తీశాడు. వాళ్ళు హాలు చూశారు. తమ వాళ్ళే ఎవరో ముందే దోచి కాల్చేశారనుకున్నట్టున్నారు.

"ఇది కాల్చిందెవరు?" పెద్దవాడు అరబ్బీలో అడిగాడు.

భయంలో అబద్ధం కూడా రాలేదు మనవాడికి. "అనా" అన్నాడు. నేనే అని.

వాడు ఇతని మొహం చూశాడు, నల్ల మొహంలో రెండు తెల్ల కళ్ళు, చెవిమీద ఇంకా స్క్రూడ్రైవరు. అంతే, తుపాకీ పట్టుకుని నవ్వాడు, వంగి నవ్వాడు. "ఖలాస్, ఇక్కడ మనకి పనేం మిగల్లేదు" అని రెండోవాణ్ణి లాక్కుని వెళ్ళిపోయాడు. శత్రువు కూడా జాలిపడి వదిలేసిన పనిమంతుడు అంటే ఇదిగో ఇతనే!

పరువు ఎలాగూ పోయింది, ముసలామె గదైనా బాగుచేద్దామని బకెట్టు నిండా సబ్బునీళ్ళు తెచ్చాడు. మసిమీద తడిగుడ్డ పెట్టాడు. గోడమీద చారెడంత ఉన్న మసి మూరెడంత కాటుకైంది. తుడిచేకొద్దీ పాకింది. తలుపు దాకా పాకింది. యుమ్మా దగ్గు ఆగలేదు, పెదాలు నీలంగా మారుతున్నాయి. అప్పుడు గుడ్డ జారిపోయింది చేతిలోంచి. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఏం చెయ్యాలో తెలియలేదు.

"అక్కా, సంపేసినానా ఆమెని?"

"మాటలు తర్వాత. ఆ చెయ్యి పట్టుకో."

ఇద్దరూ యుమ్మాని మోసుకుంటూ కిందికి తెచ్చారు. పోలేరమ్మ తిన్నగా వంటింటి వెనక తన గదికి దారి తీసింది. మంచం, పెట్టె పోగా మనిషి తిరగడానికే చోటు లేని గది. దానికి గొట్టాలే పెట్టలేదు కాబట్టి మసి రాలేదు. గోడకి అవతలే రొట్టెల పొయ్యి, పొద్దున నాలుగింటి నుంచి మండేది, ఆ గోడ చెయ్యి పెడితే తియ్యబుద్ధి కానంత వెచ్చగా ఉంది.

ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళున్నా యుమ్మా ఈ గదిలో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. ముసుగు మార్చి, వీపు గోడకి ఆనించి కూర్చోబెట్టి, మెంతుల కషాయం తాగించింది పోలేరమ్మ. పావుగంటకి పెదాలకి రంగొచ్చింది. యుమ్మా గోడ తడిమింది, పొట్టిమంచం చూసింది, పోలేరమ్మని చూసింది.

"ఇంత వెచ్చటి గది దాచుకుని, నన్ను పైన గడ్డకట్టించారా మీరు?"

"నువ్వెప్పుడన్నా అడిగితివా యుమ్మా?" అంది పోలేరమ్మ అరబ్బీలోనే, దుప్పటి కప్పుతూ.

ముసలామె కొంచెం జరిగి, మంచం మీద తన పక్కన చోటు చూపించింది. పోలేరమ్మ కూర్చుంది. గుమ్మంలో నల్లగా నిలబడ్డ నాగేంద్రప్రసాద్ కూడా లోపలికి ఒక అడుగేశాడు.

"నువ్వు బయటే" అంది యుమ్మా.

బయటే నిలబడ్డాడు. మోచేతుల నుంచి నల్లనీళ్ళు కారుతున్నాయి, వెనకాల పదిహేను గదుల మసి. చెవి తలుపుకి ఆనించి విన్నాడు. ఒక దగ్గు. చాలాసేపటికి ఇంకోటి, చిన్నది. ఆ తర్వాత గురక.

"అక్కా" గుసగుసగా పిలిచాడు. "పడుకునిందా?"

"పడుకునింది. నువ్వింగ ఏదీ బాగుచెయ్యాకు, నీకు దండం పెడతా."

"సరేక్కా" అన్నాడు, అని అక్కడే నేలమీద కూలబడి, ఆ గురక మొత్తం విన్నాడు.