ఎలుగు ముఖం

"సాయంత్రం ఐదింటికి నీ పని పడతాం" అని గుమాస్తా అన్నట్టు ఎలుగుకు వినిపించింది.

పిల్లల పార్కులో ఎలుగు వేషం వేసే అతను అప్పుడే ఎలుగుబంటి తలకాయ తగిలించుకుని మెడ కింద కొక్కేలు పెట్టుకుంటున్నాడు. ఆ తలకాయ లోపల రెండంగుళాల మందాన స్పాంజి. బయటి మాట ఏదైనా దాన్ని దాటి చెవిలో పడేసరికి సగం నలిగిపోయి ఉంటుంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇవాళ ఆఖరి రోజు. పోయేముందు పని పట్టేంత తప్పు ఏం చేశానా అని అతను బొచ్చు చేతులు రెండూ ఎత్తి అడ్డంగా ఊపాడు. తలకాయ పెట్టుకున్నాక మాట్లాడకూడదని పార్కు రూలు. ఎలుగెత్తకూడని ఎలుగు అన్నమాట.

"పటం పెడతామంటే వద్దంటాడేంటి?" అన్నాడు గుమాస్తా. పార్కులో చేరి ఎనిమిది నెలలే అయింది అతను.

పక్కనే కెమెరా తుడుచుకుంటున్న ఫోటోగ్రాఫరు ఎలుగుకు స్వయానా బావమరిది. ఎలుగు మూతిలో నోరు పెట్టి, "పని కాదు బావా, పటం. క్యాంటీన్ గోడకి నీ పటం పెడతారట" అని అరిచి, "పని పడతామన్నారనుకున్నాడండీ" అని గుమాస్తాకు విడమరిచాడు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఎలుగు నవ్వు లోపలే ఉండిపోయింది.

ఆ నవ్వు కూడా గుమాస్తా చంకలోని ఫ్రేము తిప్పి చూపించేదాకానే. అందులో ఉన్నది ఎలుగుబంటి.

ఆ పార్కులో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరైనవాళ్ళదీ, పోయినవాళ్ళదీ, పార్కులోనే తీసిన ఫోటో ఒకటి క్యాంటీన్ గోడకు పెడతారు. జెయింట్ వీల్ తిప్పిన పెద్దాయన, టికెట్లు చింపిన అక్కయ్య, పొదలు కత్తిరించిన ముసలాయన, అందరూ అక్కడ వరసగా ఉన్నారు. ఆ వరస చివర ఎలుగు భార్య ఉంది. పద్నాలుగేళ్ళు ఆ క్యాంటీన్లోనే టీ కాచింది. పోయి నాలుగేళ్ళయింది. ఆమె పక్కన మేకు ఖాళీగా కనిపిస్తే ఇంకెవరైనా వచ్చి చేరతారని అతనే అక్కడో క్యాలెండరు తగిలించి ఉంచాడు, బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు. అలా ఆపి ఉంచిన చోట్లోకి ఇప్పుడు ఎలుగుబంటి వెళ్ళి కూచుంటుందట.

"నా ముఖం ఫోటో ఇస్తే అది పెడతారేమో అడగరా" అని మూతిలోంచి గొణిగాడు. బావమరిది అడిగాడు.

"ఇతనికి వేరే ముఖం ఉందా?" అన్నాడు గుమాస్తా. వేళాకోళం కాదు, అతను చూసింది ఆ బొచ్చుముఖమే. "సరే, ఐదులోపు ఇవ్వండి. పార్కులో తీసిందే కావాలి. లేదంటే ఇదే."

పార్కులో తీసినవాటికేం కొదవ. అక్కడ అతన్ని తీసినన్ని ఫోటోలు ఇంకెవర్నీ తీసి ఉండరు. ఎన్ని వేల ఇళ్ళ ఆల్బమ్‌లలో ఉన్నాడో లెక్కలేదు. ఒక్కదాంట్లోనూ అతను లేడు.

అసలతను దర్జీ. ఆ ఎలుగు తొడుగు కుట్టింది అతనే. కుట్టి తెచ్చిన రోజున వేసుకోవాల్సిన మనిషి రాలేదు. కొలత సరిపోయిందో లేదో ఒకసారి దూరి చూపించమన్నారు. అలా దూరినవాడు ఇరవై రెండేళ్ళకి బయటికొస్తున్నాడు. మిషను కూడా అద్దెకు తెచ్చుకునే మనిషికి తలదాచుకునే ఉద్యోగం దొరికింది, అక్షరాలా. తల పక్కకి వంచితే పిల్లలు పకపకా నవ్వేవారు. లోకానికి తలవంపులంటే సిగ్గుచేటు, అతనికి మాత్రం జీతం.

బావమరిదికి ఒక పద్ధతి ఉంది. "ఒకటి, రెండు, మూడు" అంటానని చెప్పి, రెండు దగ్గరే నొక్కేస్తాడు. "మూడు కోసం జనం మొహాలు బిగపెడతారు. రెండు దగ్గర ఇంకా మనుషుల్లా ఉంటారు" అంటాడు. ప్రతి రెండుకీ ఎలుగు లోపల నవ్వేవాడు. ఎవరికి కనిపిస్తుందని అడిగితే చెప్పలేడు. ఫోటో తీస్తుంటే నవ్వకుండా ఉండడం మర్యాద కాదనిపించేది. ఆ దొంగతనం పట్టుకున్నది భార్య ఒక్కతే.

"లోపల నవ్వుతావని నాకు తెలుసు. నీ పొట్ట ఊగి చెప్పేస్తుంది" అనేది.

మధ్యాహ్నాలు గ్లాసూ స్ట్రా తెచ్చి మూతి జాలీలోంచి నీళ్ళు తాగించేది. చుట్టూ పిల్లలు మూగేవారు.

"ఎలుగు కరవదా ఆంటీ?"

"ఇంటికెళ్ళాక కరుస్తుందమ్మా."

పదింటికల్లా జనం దిగారు. పూర్వం ఒక రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, ఒక్కో కుటుంబానికి ఒక్కటే నొక్కు. తల్లులు పిల్లల తల దువ్వి, తడి చేత్తో ముఖం తుడిచి, ఎలుగు పక్కన నిలబెట్టేవారు. ఇప్పుడు ఫోన్లో ముప్పై ఆరు తీసుకుని, ఫోటోగ్రాఫరునే "కొంచెం పక్కకి జరగండి అంకుల్" అంటున్నారు. ఒకావిడ మాత్రం బిడ్డనెత్తుకుని వచ్చి, "చిన్నప్పుడు ఈ ఎలుగునే చూసి ఏడ్చానండీ" అంటూ బిడ్డను అందించింది. బిడ్డ కూడా ఏడ్చింది.

"వంశపారంపర్యం" అన్నాడు బావమరిది. రెండు దగ్గర నొక్కాడు.

ఒంటిగంటకు అరగంట విరామం. బట్టలు మార్చుకునే గదిలో తలకాయ తీస్తే ఫోటో అయిపోతుంది. గది తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, ఐదు స్కూలు బస్సులు వచ్చాయని మైకులో పిలిచారు. మూడింటికి చూద్దామనుకుంటే మూడింటికి ఎవరి పుట్టినరోజో వచ్చిపడింది. నాలుగైంది.

"ఈ తొడుగు నన్ను వదిలేలా లేదురా" అని గొణిగాడు ఎలుగు.

"కుట్టేటప్పుడు తెలియలేదా బావా, అంత గట్టిగా కుట్టావు."

నాలుగూ ఇరవైకి వాన పట్టుకుంది. జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా పరుగెత్తారు. తొడుగు తడిస్తే ఆరడానికి మూడు రోజులు పడుతుంది కనక, చినుకు పడగానే ఎలుగు అందరికన్నా ముందు పరుగెత్తాలి. ఇవాళ పరుగెత్తలేదు. రేపట్నుంచి గాలి నింపిన రబ్బరు ఎలుగు వచ్చి నిలబడుతుంది. దానికి వానా లేదు, విరామమూ లేదు.

రంగులరాట్నం ముందు ఒక్క పురుగు లేదు. కొక్కేలు విప్పి తలకాయ తీశాడు. నెరిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. బావమరిది గొడుగు మెడకి ఇరికించుకుని కెమెరా ఎత్తాడు.

"నవ్వు బావా."

ఎంత లాగినా రాలేదు.

"పళ్ళు పీకించుకోడానికి వచ్చినవాడిలా ఉన్నావు."

"నువ్వు చూస్తుంటే రావట్లేదురా."

నాలుగూ ముప్పై ఐదు. బావమరిది కెమెరా దించి ఒక క్షణం అతని పొట్ట వంక చూశాడు.

"తలకాయ పెట్టుకో. రెండు అనగానే తీసెయ్."

పెట్టుకున్నాడు. చీకటి, పాత స్పాంజి వాసన, తన ఊపిరి వేడి. మూతి జాలీలోంచి వాన గీతలు.

"ఒకటి."

లోపల ముఖం తనంతట తానే సర్దుకుంది.

"రెండు."

తలకాయ ఎత్తాడు. మూత తీసిన గిన్నెలోంచి ఆవిరి లేచినట్టు నవ్వు బయటికొచ్చింది. కెమెరా టక్కుమంది.

"అక్క చెబితే నమ్మలేదు బావా" అన్నాడు బావమరిది. "ప్రతిసారీ నవ్వావా?"

"ప్రతిసారీ."

ఐదు కొట్టేసరికి క్యాలెండరు దిగింది, ఫోటో ఎక్కింది. గుమాస్తా, క్యాంటీన్లో కొత్తగా చేరిన అమ్మాయిలు, నెలనెలా మారే ఊడ్చేవాళ్ళు, అందరూ మూగారు. చొక్కా ప్యాంటూ వేసుకుని, భుజాన సంచీతో అతను వెనకాలే నిలబడ్డాడు. దారి తప్పి వచ్చినాయన అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

"ఆంటీ పక్కన ఈ పరాయాయన్ని పెట్టారేంటి?" అంది ఒకమ్మాయి.

"ఎలుగు అసలు ముఖం ఇదేనట. నేనూ ఇప్పుడే చూడ్డం" అన్నాడు గుమాస్తా.

"పరాయాయన కాదమ్మా, ఆంటీ మొగుడు" అన్నాడు బావమరిది అందరికీ వినపడేలా. "మీరు ఇన్నాళ్ళూ ఎలుగనుకున్నది ఈయన్నే. అదిగో, మీ వెనక."

అందరూ వెనక్కి తిరిగారు. గుమాస్తా గబుక్కున తన ఫ్రేము చంకలో దాచుకున్నాడు. "మీరాండీ? పొద్దున్న నువ్వు అనేశాను."

"మీరు మాట్లాడతారా?" అంది ఆ అమ్మాయి.

"ఇవాళ్టినుంచి" అన్నాడతను.

టీ ఇచ్చారు. గ్లాసు పెదవికి ఆనించుకుని, గోడ వైపు చూస్తూ నెమ్మదిగా తాగాడు. బావమరిది భుజం తట్టి, పనివాళ్ళ వెనక గేటు వదిలి మొదటిసారి ముందు గేటులోంచి బయటికి నడిచాడు. కాపలావాడు సందర్శకుడనుకుని "మళ్ళీ రండి సార్" అన్నాడు. అతను తల పక్కకి వంచి వెళ్ళిపోయాడు.

బట్టలు మార్చుకునే గదిలో తొడుగు తీగమీద ఆరుతోంది. దాని మెడ లోపలి అంచున, ఎప్పుడు కుట్టు ఊడినా చేతికందేలా, గోధుమరంగు దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉంది.