ఒకసారి లాగితే

ఇత్తడి టోపీ పెట్టుకుని నీళ్ళ అడుగుకు దిగేవాడికి పైలోకంతో ఉన్న చుట్టరికమంతా ఒక గొట్టం, ఒక తాడు. గొట్టం ఊపిరికి, తాడు మాటకు. పడవలో ఉన్నవాడు తాడును ఒకసారి లాగితే బాగున్నావా అని అడిగినట్టు. నేను తిరిగి ఒకసారి లాగితే బాగున్నానని చెప్పినట్టు. జవాబు రాకపోతే పైకి గుంజెయ్యాలి. పోచంపాడ్ ఆనకట్ట పనిలో చేరినప్పటి నుంచి నా తాడు రాజలింగు చేతిలోనే ఉండేది. రెంజల్ ఊరి మనిషి, పొగాకు నమలడం తప్ప మరో చెడ్డ అలవాటు లేనివాడు.

ఏడాదిపాటు నేను అతనితో మాట్లాడలేదు.

నిరుడు ఎండాకాలంలో గేట్ల దగ్గర మేట వేసిన ఇసుక చూడటానికి దిగాను. నీళ్ళు కదలడం లేదు. టోపీ అద్దంలోంచి చూస్తే అడుగున ఇసుక అప్పుడే పరిచిన జంపఖానాలా ఉంది. చేపపిల్లలు నా బూట్ల చుట్టూ తిరుగుతున్నాయి. 'నీకన్నా చేపలే నయం, నేను చెప్పింది నోరెత్తకుండా వింటాయి' అని గౌహర్‌ను ఏడిపించాలనుకున్నాను. గౌహర్ నా భార్య. జ్వరమొస్తే బోధన్‌లో పుట్టింటికి పోయింది. రాజలింగు తాడు లాగాడు. బాగున్నానన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అడిగాడు. ఇవాళ వీడికింత ప్రేమేమిటని నవ్వుకున్నాను కూడా.

అప్పటికే ఆఫీసు ఫోనుకు గౌహర్ పోయిందని కబురొచ్చింది. అది తెలిసి కూడా రాజలింగు నన్ను పైకి పిలవలేదు.

"పైకొచ్చినంక ఏడుపే గదన్నా. గా పనైనంతసేపన్న నిమ్మళంగ ఉంటవనుకున్న," అన్నాడు తర్వాత. రాజలింగు వాళ్ళలో భర్త రాకుండా శవం లేవదు. మా ముసల్మానుల్లో మట్టి చెయ్యడం ఆలస్యం చెయ్యరు, అందులోనూ ఎండాకాలం. బస్సులు మారి బోధన్ చేరేసరికి బావమరిది గులాం ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తూ ఎదురయ్యాడు. సాయంత్రపు అసర్ నమాజు దాకా నాకోసం చూశారట. ఆమె ముఖం నేను చూడలేదు. ఆ పూట ఇసుక మీద ఎంత హాయిగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత అతను పలకరిస్తే ముఖం తిప్పుకున్నాను. తాడు మాత్రం అతనికే ఇచ్చాను, ప్రాణం మీద తీపి ఎక్కడికి పోతుంది? క్వార్టర్‌లో ఒక్కణ్ణే. పొద్దున వండింది రాత్రికీ తింటాను. ఎవరైనా పరామర్శిస్తే "అల్లా దయ" అంటాను, వాళ్ళు బరువు దిగినట్టు వెళ్ళిపోతారు. నిజం చెప్పాలంటే బాగున్నావా అని అడిగి జవాబు కోసం ఆగేది ఆ తాడు ఒక్కటే.

రాజలింగుకు వేరే ప్రాజెక్టుకు బదిలీ అయింది. ఆఖరి రోజు నాకు టోపీ బిగిస్తూ ఏదో అనబోయాడు. అద్దం మూయమని సైగ చేశాను.

కింద అదే ఇసుక. తాడు కదిలింది. చెయ్యి అలవాటుగా లేచింది కానీ లాగబుద్ధి కాలేదు. మళ్ళీ కదిలింది. ఏడుపొచ్చింది. ఆ టోపీలో కళ్ళు తుడుచుకునే వీలు కూడా ఉండదు. జవాబివ్వలేదు.

తాడు బిగుసుకుంది. నన్ను పైకి గుంజి, పడవలో కూర్చోబెట్టి, రాజలింగు గబగబా అద్దం విప్పాడు.

"ఏమైంది అయ్యూబన్నా? గాలి అందలేదా?"

"గాలి మంచిగనే ఉంది. నాకే మంచిగ లేదు రాజలింగూ. ఆమె పోయిన కాంచి మంచిగ లేదు."

అతను నా ఎదుట కూలబడ్డాడు. "నీకోసం ఆపుతరనుకున్ననన్నా. మట్టి గంత జల్దీ చేస్తరని నాకెర్క లేదు. ఎర్కుంటే అప్పుడే గుంజేటోణ్ణి."

"నీకు ఎర్క లేదని నాకెర్కే," అన్నాను. "కోపం చేసుకోనీకి నాకింకెవరున్నరే?"

సాయంత్రం అతని బస్సొచ్చేదాకా ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం. గౌహర్ గురించి చెప్పాను. ఆమెకు చెప్పలేకపోయిన ఆ చేపల మాట కూడా చెప్పాను. నవ్వబోయి తలపాగాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

మర్నాడు దేవిదాస్ అనే కొత్తవాడు తాడు పట్టాడు. నేను ఇసుక మీద నిలబడ్డాక బాగున్నావా అని అడిగాడు. బాగున్నానని ఒకసారి లాగాను.