రెండో ట్రాక్

ఆమె టీవీలో మూడేళ్లు ఏడ్చింది. 'చిన్నకోడలు'గా ఎనిమిది వందల ఎపిసోడ్లు ఏడ్చేసరికి అసలు పేరు జనానికి గుర్తులేకుండా పోయింది. మందుల షాపుకి వెళ్తే, "ఏం చిన్నకోడలా, మీ అత్త ఇంకా మారలేదా?" అని అడిగేవాళ్లు.

అందుకే సినిమాలో హీరోయిన్ వేషం వచ్చినప్పుడు నిర్మాతని ఒక్కటే కోరింది. పాట తనే పాడాలి, తన సమ్మతి లేకుండా గొంతు మార్చకూడదు. అగ్రిమెంటులో రాయించుకుంది. సీరియల్ మానేసింది. ఛానల్ వాళ్లు మండిపడి చిన్నకోడల్ని లారీ కింద తోసి చంపేశారు. ఇక వెనక్కి దారి లేదు.

పాట ఆమె పాడి రికార్డు చేసిన ట్రాక్ మీదే షూట్ చేశారు. అంతా అయిపోయాక ఓ మధ్యాహ్నం సంగీత దర్శకుడు రికార్డింగ్ స్టూడియోకి రమ్మన్నాడు. ఎప్పుడూ పక్కనే ఉండే అక్క ఆ రోజు, "తలనొప్పిగా ఉంది, బయట కూర్చుంటా" అంది. ఆమెకి పాట నేర్పింది ఆ అక్కే, పాడే తీరు ఇద్దరిదీ ఒకటే. ముఖం కెమెరాకి పనికిరాదని ఎవరో అన్నప్పటినుంచీ చెల్లెలి బట్టలూ చెప్పులూ మోస్తోంది.

లోపల సోఫాలో నిర్మాత ఉన్నాడు.

"నీ గొంతు వింటే సీరియల్ గుర్తొస్తోందట తల్లీ సార్‌కి," అన్నాడు సంగీత దర్శకుడు. "ఇంకొకావిడతో పాడించాం. ఏమీ అనుకోకు."

"మార్చకూడదని రాసుకున్నాం కదండీ."

"మార్చలేదుగా. పేర్లు చెప్పకుండా రెండూ వినిపిస్తాను. నువ్వు ఏదంటే అదే సినిమాలో ఉంటుంది."

"తన గొంతు తనకి తెలియదా? మేనమామకి అమ్మ పుట్టిల్లు చూపించినట్టుంది నీ యవ్వారం," అని నిర్మాత నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. ఆమె దగ్గర ఒక గుర్తుంది. ట్రాక్ పాడిన రోజు జలుబు చేసి, రెండో చరణంలో మాట మధ్యలో ఊపిరి పీల్చింది. షూటింగ్‌లో అక్కడే ఆమె భుజం లేచింది. డైరెక్టర్ ముచ్చటపడి అలాగే ఉంచేశాడు. ఆ ఊపిరి ఇంకెవరికి ఉంటుంది?

మొదటి ట్రాక్ నున్నగా సాగిపోయింది. ఎక్కడా ఊపిరి చప్పుడు లేదు. రెండోది వచ్చింది. రెండో చరణం, మాట మధ్యలో, చిన్న ఊపిరి.

"రెండోది," అంది.

"ఖాయమా?"

"ఖాయం. మొదటావిడ శ్రుతి తప్పలేదు గానీ, అందులో ప్రాణం లేదండీ."

నిర్మాత కాగితం ముందుకు జరిపాడు. రెండో ట్రాక్ సినిమాలో వాడటానికి సమ్మతమే అని ఒకే వాక్యం. సంతకం పెట్టింది. నిర్మాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక సౌండ్ ఇంజనీర్ తల ఎత్తకుండా అన్నాడు.

"మేడమ్, మొదటిది మీది."



"ఊపిరులన్నీ తీసేసి శుభ్రం చేయమన్నారు, చేశాను. ఆవిడ మాత్రం తెరమీద మిమ్మల్ని చూస్తూ పాడింది. మీ భుజం లేచిన చోట ఊపిరి పీల్చకపోతే పెదవులు కలవవు కదా."

"ఎవరావిడ?"

 సంగీత దర్శకుడి చూపు తలుపు వైపు వెళ్లింది.

ఆమె బయటికి వచ్చేసరికి కారిడార్‌లో అక్క లేచి నిలబడింది. తలనొప్పి ఉన్న ముఖం కాదది.

"ఎప్పుడు పాడావు?"

"నువ్వు డబ్బింగ్‌కి వెళ్లిన రోజు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"పదేళ్లుగా నీ వెనకే తిరుగుతున్నాను. నాకూ పాడాలని ఉంటుందేమోనని నువ్వెప్పుడైనా అడిగావా?"

"తడిగుడ్డతో గొంతు కోశావక్కా."

"నేనెందుకు కోస్తానే? వేలు పెట్టి మరీ ఎంచుకుంది నువ్వేగా."

నిర్మాత బయటికొచ్చాడు. "గొడవెందుకమ్మా? పాడింది హీరోయినే అని పోస్టర్లు వేసేశాం. అవి మారవు. మన ఐదుగురి మధ్యే ఉండిపోతుంది."

అక్క గిరుక్కున నిర్మాత వైపు తిరిగింది. "నా పేరు వేస్తానన్నారు కదండీ?"

"అన్నానేమో. కాగితం ఏదైనా రాసుకున్నామా?"

పాట విడుదలైన వారానికే ఊరంతా మోగింది. ఇన్నాళ్లూ ఈ గొంతుని ఎక్కడ దాచారమ్మా అని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ పొగడ్తతోనే ఇంకో రెండు సినిమాలు చేతికొచ్చాయి.

ప్రెస్ మీట్‌కి అక్క ఎప్పట్లాగే వెంట వచ్చి పక్కన నిలబడింది. ఓ విలేకరి లేచాడు. "మేడమ్, ఆ పాట రెండు లైన్లు పాడండి."

పాడితే గొంతు తనది కాదని తెలిసిపోతుంది. నిజం చెబితే సినిమాలు పోతాయి. చిన్నకోడలు ఎలాగూ చచ్చిపోయింది.

"గొంతు బాగాలేదండీ," అంది.

"పోనీ పక్కనున్న ఆవిడ పాడతారా? ఇందాక స్పీకర్‌లో పాట వస్తుంటే పెదవులు కదిపారు. ఎవరు మేడమ్ ఆవిడ?"

అక్క తలెత్తి చూసింది. కళ్లలో ఆశ దాచుకోలేకపోయింది. చెల్లెలు ఆ కళ్లని చూసింది, మైకు దగ్గరికి లాక్కుంది.

"మా అసిస్టెంట్," అంది. "ఆవిడకి పాట రాదండీ."