రేకులో మిగిలిన ముంత

నేను ఒక రేకు అచ్చును. పదకొండేళ్ళుగా ఒక అనుమానం నన్ను తుప్పుకంటే ఎక్కువగా తింటోంది. మద్దిలేటి నుదుటి మీది మచ్చకు కారణం నేనా, నన్ను అలా కోయించిన మనిషా?

నా పుట్టుకే దెబ్బలతో. పెయింటర్ ఓబులేసు నూనె డబ్బాను చీల్చి, సుత్తితో చదును చేసి, ఉలితో నా ఒంట్లో ముంత ఆకారంలో కంత పొడిచాడు. ఆ కంత మీద రంగు అద్దితే బొమ్మ పడుతుంది. ఎండాకాలం ఆస్పత్రి దగ్గర ఉచితంగా నీళ్ళు పోసే జలదాన సమితికి అది గుర్తు. కాని సమితి కార్యదర్శి పినాకపాణి వట్టి ముంతకు ఒప్పుకోలేదు. శివుడికి అభిషేకం చేయనిదే గుక్కెడు నీళ్ళు ముట్టని మనిషి ఆయన.

"ముంత పైన సూర్యుడుండల్ల, కింద ఆకుండల్ల. సూర్యునికి నారింజ, ఆకుకు పచ్చ, ముంతకు నీలం. దేవుడు లోకాన్ని ఒక్క రంగుతో చేసినాడా ఓబులేసూ?"

"దేవునికి జాగా శానా ఉండాది సామీ. నాకుండేది రెండడుగుల వ్యాను తలుపు."

అయినా ఉలి మళ్ళీ దిగింది. నీళ్ళ వ్యాను రెండు తలుపుల మీదా మూడు రంగుల బొమ్మ పడింది.

ఆ ఏడే మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. ఒక వర్గం జెండా పచ్చ, రెండో వర్గానిది నారింజ. ఓట్ల లెక్కింపు నాడు రెండు వర్గాలూ కొట్టుకుని, దెబ్బలు తిన్నవాళ్ళతో ఆస్పత్రి నిండిపోయింది. వాళ్ళ కోసం వ్యాను డ్రైవరు మద్దిలేటి నీళ్ళ డ్రమ్ములు వేసుకుని బయలుదేరాడు. పక్కన పినాకపాణి, సీటు వెనక నేను.

మొదటి వీధిలో ఎవడో ఆకును చూశాడు. "పచ్చోళ్ళ బండిరా!" అద్దం భళ్ళున పగిలింది. మద్దిలేటి బండిని వెనక్కి తిప్పి పక్క వీధిలోకి పోనిచ్చాడు. అక్కడివాళ్ళ కళ్ళు సూర్యుడి మీద పడ్డాయి. గడ్డపారలు లేచాయి. డ్రమ్ములు చీలి నీళ్ళు రోడ్డు పాలయ్యాయి. పినాకపాణిని కాళ్ళు పట్టి కిందికి లాగారు. మద్దిలేటి ఆయన మీద అడ్డంగా పడి కప్పేశాడు. ఒకడు చేతికందిన నన్నే లాగి విసురుగా కొట్టాడు. నా అంచు మద్దిలేటి నుదుటిని ఎముకదాకా కోసింది. నా మీద నాలుగో రంగు పడింది. దాన్ని ఎవరూ ఎంచుకోలేదు.

పోలీసు విజిళ్ళకు గుంపు చెదిరింది. రోడ్డంతా గాజుపెంకులు. పినాకపాణి చెప్పులు ఎక్కడో పోయాయి. మద్దిలేటి తనవి విప్పి ముందుకు తోశాడు.

"మీది షుగరు ఒళ్ళు సామీ, పుండైతే మానదు. ఏస్కోండి."

నెత్తురు కారే తలతో, వట్టి కాళ్ళతో అతను ఆస్పత్రి దాకా నడిచాడు.

మరుసటి ఎండాకాలం ఓబులేసు నాలోని సూర్యుడి మీదా ఆకు మీదా రేకు ముక్కలు పెట్టి, రివెట్లు కొట్టి మూసేశాడు. ముంత మిగిలింది. ఏ రంగు వెయ్యాలని పినాకపాణి తల వంచుకుని అడిగాడు. "ఏది పూసినా ఏదో ఒక జెండానే సామీ. ఇనప గేట్లకు పూసే తుప్పు రంగు రెడ్ ఆక్సైడ్ ఉండాది. దానికి జెండా లేదు." వినాయక నిమజ్జనం నాడు ఆ రెండు వర్గాలే మళ్ళీ రాళ్ళు రువ్వుకున్నాయి. ఊరేగింపుకు నీళ్ళు తెస్తూ మా వ్యాను మధ్యలోకి వచ్చింది. "నీళ్ళ బండిరా, ఇడ్సండి!" అని అటూ ఇటూ ఒకే కేక. మనుషులు భలేవాళ్ళు. తలలు పగలగొట్టుకుంటూనే దాహం సంగతి గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు బొమ్మలన్నీ స్టిక్కర్లే. నేను సమితి షెడ్డులో నీళ్ళ డ్రమ్ముకు మూతను. ఆ డ్రమ్ము దగ్గర నీళ్ళు పోసేది మద్దిలేటే. పినాకపాణి రోజూ వచ్చేవాడు, అతని నుదుటి కేసి మాత్రం చూసేవాడు కాదు.

నిన్న మధ్యాహ్నం కాగితం పొట్లంతో వచ్చి, మద్దిలేటి ముందు నేల మీద కూర్చున్నాడు. పొట్లంలో కొత్త తోలు చెప్పులు.

"ఆ పొద్దు ఓబులేసు మాట ఇనింటే నీకు ఈ మచ్చ ఉండేది కాదప్పా. తప్పు రేకుది కాదు, గుంపుది ఒక్కటే కాదు. నాది. నీ చెప్పులు అరిగి ఊడేదాకా ఏసుకున్న్యా, కొత్తవి తెచ్చియ్యడానికి మొగం చెల్లలా. ఇవి నీ కాలికి సరిపోతాయో లేదో..."

మద్దిలేటి మచ్చ తడుముకుని నవ్వాడు.

"అన్నాళ్ళు నా చెప్పుల్తో నడిసి, నా కాలి కొలత తెల్దా సామీ?"

తొడుక్కుని లేచాడు. సరిగ్గా సరిపోయాయి. నన్ను పక్కకు జరిపి, ముంత ముంచి, పెద్దాయన దోసిట్లో నీళ్ళు పోశాడు.