జేబులో అతిమధురం

కూతురు బస్సు నడుపుతుంది. ఆమె ఇల్లు చేరేదాకా తల్లికి ముద్ద దిగదు. టైరు పేలిందేమో, బ్రేకు పట్టలేదేమో, ఎదురొచ్చే లారీవాడు కునుకు తీశాడేమో. భయపడటానికి ఏమీ దొరకని రోజున, ఏమీ దొరకలేదేమిటా అని భయం.

అలాంటి మనిషి మూడు నెలలుగా తన చేత్తోనే కూతురి చొక్కా జేబులో అతిమధురం పుల్లలు వేస్తోంది. దుమ్ముకి గొంతు పట్టేస్తోంది, ఆ వేరు నమిలితే దగ్గు తగ్గుతుందని. తియ్యటి వేరు, అదేం చేస్తుంది?

ఇప్పుడిద్దరూ డిపో ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నారు. రెండుసార్లు చూస్తే రెండుసార్లూ బీపీ ఎక్కువే వచ్చింది. ఈసారీ దిగకపోతే స్టీరింగ్ వదిలి టికెట్ల గదిలో కూర్చోవాల్సిందే.

"అలా చూడకమ్మా. నువ్వు చూస్తేనే పది పెరుగుతుంది," అంది కూతురు, పుల్లని ఈ దవడ నుంచి ఆ దవడకి మారుస్తూ.

ఆ బుగ్గ చూడగానే తల్లికి మూలికల కొట్టు ముసలాయన పొట్లం కడుతూ అన్న మాట గుర్తొచ్చింది. "వారం దాటి వాడకు తల్లీ, బీపీ పెంచుతుంది." లోకంలోని భయాలన్నీ నెత్తినేసుకుని తిరిగే తను, చేతికిచ్చిన ఆ ఒక్క భయాన్నీ కొట్లోనే వదిలేసి వచ్చింది!

ఇంతలో కూతుర్ని లోపలికి పిలిచారు. చెబితే, "నా ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టావా?" అంటుంది. చెప్పకపోతే?

"మందులేమైనా వాడుతున్నారా?" డాక్టరమ్మ గొంతు.

"ఏమీ లేవండి."

తల్లి తలుపు తోసుకుని వెళ్లింది. "ఉందమ్మా! అతిమధురం, నేనే పెడుతున్నా. ఉమ్మెయ్యవే!" అంటూ దోసిలి పట్టింది. అందులో నమిలిన పీచు పడింది.

"రోజుకెన్ని?"

"నాలుగు... దగ్గితే ఆరు," అంది తల్లి.

డాక్టరమ్మ కలం మూసింది. "బీపీ ఈసారీ ఎక్కువే. ఇది పూర్తిగా మానేసి మూడు వారాలాగి రండి. దీనివల్లేనా కాదా అప్పుడు తేలుతుంది. అందాకా బస్సెక్కొద్దు."

బయటికొచ్చాక తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏడవకులే. మూడు వారాలు బస్సు లేదు, లారీవాడు లేడు. నీ భయాలకీ సెలవే."

"సెలవా? అప్పటికీ దిగకపోతేనో?" అంటూనే తల్లి ఆమె జేబులో వేళ్లు పెట్టి, కుట్లలో ఇరుక్కున్న ముక్కలు కూడా ఏరడం మొదలుపెట్టింది.