అయిదుకి రెండు

ఫిబ్రవరి వస్తే మా రేవు నిండా కాడ్ చేపలే. ఆ చేపల కోసం బయలుదేరే తూర్లైఫ్ అనే ఆయన పడవలో వారం రోజులు పనిచేసే అవకాశం ఏటా మా పదో తరగతిలో ఒక్కరికే వస్తుంది. ఆ వారంలో నచ్చినవాళ్లని తూర్లైఫ్ తర్వాత తన దగ్గరే పనిలో చేర్చుకుంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ వారం నాదే అనుకుంటున్నాను.

కంప్యూటర్ మాత్రం నన్ను బ్యాంకుకి పంపమంది.

ఎవరు ఏ పనికి పనికొస్తారో తేల్చే పరీక్షట. నూట ఇరవై ప్రశ్నలు. ప్రతిదానికీ మనకి మనమే ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసుకోవాలి. మా ఊళ్లో ఎవరైనా తనకి తాను అయిదు వేసుకుంటే ఇంక తలెత్తుకు తిరగలేరు. ఆరేళ్లప్పటి నుంచి రేవులో అమ్మకానికి చేపల నాలుకలు కోస్తున్నదాన్ని, కత్తి వాడకానికి మూడు వేసుకున్నాను. పడవ నడపడానికి రెండు. నిరుడు దేశం దక్షిణాన ఉన్న పట్నం నుంచి వచ్చిన డాక్టరు గారబ్బాయి సీవర్ట్ అన్నిటికీ అయిదులే వేసుకున్నాడు. ఆ వారం ఎవరు ఎక్కడ పనిచేయాలో చెప్పే జాబితాలో తూర్లైఫ్ పడవ వాడికి వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా హల్‌గైర్ గదికి వెళ్లాను. మా స్కూల్లో పిల్లలు ఏం చదవాలో, ఏ పనిలో చేరాలో చెప్పడం ఆయన ఉద్యోగం.

"ఈ జాబితా తప్పు," అన్నాను.

"తప్పేముంది రూనా? నువ్విచ్చిన జవాబులేగా."

"అయితే మళ్లీ రాస్తాను."

"కుదరదమ్మా. మొదట తోచిందే నిజం. అందరికీ ఒకటే రూలు. అయినా బ్యాంకులో హాయిగా వెచ్చగా ఉంటుంది కదా."

"మీరెళ్లి కూర్చోండి ఆ వెచ్చదనంలో. నేను వెళ్లను."

ఆయన నా మాట విననట్టే కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ రబ్బరు బూట్లతోనే స్కూలుకి వచ్చేసింది. పేరు ఆస్లౌగ్. నలభై ఒక్క ఏళ్లుగా సొంత పడవ నడుపుతోంది. నడిసముద్రంలో చుక్కాని నా చేతికి ఎన్నిసార్లయినా ఇస్తుంది కానీ, రేవు ముందున్న రాళ్ల దగ్గరికి రాగానే లాక్కుంటుంది.

"ఏరా హల్‌గైర్, ఆ పరీక్ష నాకూ పెట్టు," అంది.

"అది పిల్లలకి, ఆస్లౌగ్."

"నీకు నాలుకలు కోయడం నేర్పినప్పుడు నేను నీ వయసు అడిగానా? పెట్టు."

పెట్టక ఏం చేస్తాడు! అమ్మమ్మ కాఫీ తాగుతూ, ఒక్కో ప్రశ్ననీ బయటికి చదువుతూ, ఒంటివేలితో మార్కులు నొక్కుతూ గంటసేపు కూర్చుంది. చివరికి కాగితం బయటికి వచ్చింది. గ్రంథాలయ సహాయకురాలిగా బాగా రాణిస్తారు, సముద్రం మీది పనులు మీకు తగవు అని ఉంది.

అమ్మమ్మ నవ్వలేదు. కాగితం ఆయన ముందు పెట్టింది.

"నలభై ఒక్క ఏళ్లు తప్పు పని చేశానన్నమాట. పట్టిన చేపలన్నీ తిరిగి నీళ్లలో వదిలేయనా?"

"పడవ నడపడానికి మూడు వేసుకున్నారు మీరు!"

"మా అమ్మ నాకన్నా బాగా నడిపేది. మూడే ఎక్కువ. మరి ఇది రెండు వేసుకుందే, ఎవరితో పోల్చుకుందో అడిగావా?"

ఆయన నావైపు తిరిగాడు. అడగకుండానే చెప్పాను.

"అమ్మమ్మతో."

హల్‌గైర్ నా కాగితం కూడా తీసి అమ్మమ్మ కాగితం పక్కన పెట్టాడు. తర్వాత కంప్యూటర్ నావైపు తిప్పాడు.

"సరే. రూలు సంగతి నేను చూసుకుంటాను. మళ్లీ రాయి. ఈసారి అయిదులు వేసుకో."

"వేసుకోను," అన్నాను. "నేను రెండే. ఆ రెండుతోనే పడవెక్కుతాను. మార్చాల్సింది నా మార్కులు కాదు, మీ జాబితా."

ఆయన ముఖం ఎర్రబడింది. తూర్లైఫ్‌కి ఫోన్ చేసి మా ముందే స్పీకరులో పెట్టాడు. తూర్లైఫ్ అంతా విని ఒకటే అడిగాడు.

"పడవ నడపడానికి ఆ అమ్మాయి ఎంత వేసుకుంది?"

"రెండు."

"ఆ అబ్బాయి?"

"అయిదు."

"అమ్మాయిని పంపు. అయిదు వేసుకున్నవాడితో గాలివానలో చిక్కుకోవడం నావల్ల కాదు. వాణ్ణి బ్యాంకులో కూర్చోబెట్టు, అయిదులు అక్కడ పనికొస్తాయి."

హల్‌గైర్ జాబితాలో రెండు పేర్లు కొట్టేసి, అటుది ఇటూ, ఇటుది అటూ రాశాడు.

ఇంటికి అమ్మమ్మ పడవలోనే బయలుదేరాం. చుక్కాని నా చేతిలో ఉంది.

"రెండు కూడా ఎక్కువేనే నీకు," అంది అమ్మమ్మ.

"నీకు మూడు మాత్రం ఎక్కువ కాదేంటి?" అన్నాను.

మా రేవు ముందు రాళ్లు కనిపించాయి. నేను అలవాటుగా పక్కకి జరగబోయాను. అమ్మమ్మ చుక్కాని అందుకోకుండా, చేతులు జేబుల్లో పెట్టుకుని, వెళ్లి బల్ల మీద కూర్చుంది.