వరండాలో గీసిన తామర

పొద్దున్నుంచి నవ్యశ్రీ వరండాలోనే ఉంది. ముందు పరిచిన బొంత, చేతిలో నీలం సుద్ద, నెత్తిమీద కాలుతున్న రేకులు. రోడ్డు మీద జిన్నింగ్ మిల్లుకు పోయే పత్తి లారీలు మలుపు దగ్గర మెల్లగయినప్పుడల్లా క్లీనర్లు ఇటే చూసి ఇకిలిస్తున్నారు. ఈ వరండాలో ఆడమనిషి కూర్చుందంటే ఎందుకో వీధి మొత్తానికీ తెలుసు.

మధులిక మేడమ్ బొంతల కార్ఖానాలో రూలు అది. పసిపిల్లల బొంతలు కాబట్టి నెలసరి రోజుల్లో ఎవరూ మిషన్ ఎక్కకూడదు. గీతలు మాత్రం గీయొచ్చు. సుద్ద ఉతికితే పోతుంది, దారం పోదు కదా! బొంత కుడితే నూట యాభై, గీస్తే ముప్పై. బాత్రూం తలుపుకు అంటించిన కాగితం మీద పదకొండుమంది పేర్లు, తేదీలు. రెండురోజులు ఆలస్యమైతే సూపర్‌వైజర్ సక్కుబాయి మిషన్ల మధ్య నిలబడి, "ఏందే, ఇంకా కాలేదా?" అని అరుస్తుంది. పాలిటెక్నిక్‌లో నవ్యశ్రీ రకరకాల హాజరుపట్టీలు చూసింది గానీ ఇంత రోత పట్టీ చూడలేదు.

ఇవాళ్టి బొంత మీద తామరపువ్వు. గుడ్డను రెండు మడతలు పెట్టి, నడిమధ్య గుర్తు పెట్టుకుని, అక్కణ్నుంచి ఒక్కటే గీతగా రేకులన్నీ చుట్టి రావాలి. మధ్యలో సూది ఆగి దారం తెగిందా, అడుగున ముడి పడి పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది.

లోపల్నుంచి ఐలవ్వ ఇంకో బొంత పట్టుకుని వచ్చింది. కార్ఖానాలో అందరికన్నా పెద్దది ఆమే.

"బిడ్డా, నువ్వు గీసిన గీత ఏడ తిరగాలెనో సమజైతలేదు. మూడుసార్లు ఇప్పిన. గుడ్డ జల్లెడైంది."

"రేకు అయినంక నడుమకు రావాలె పెద్దమ్మా. బయటికి పోవద్దు."

"బయట కూసోని బయటికి పోవద్దంటవు!" ఐలవ్వ పకపకా నవ్వింది.

ఇంతలో మధులిక ఫోన్ చెవి దగ్గర్నుంచి తీస్తూ వచ్చింది. వెనకే సక్కుబాయి.

"నవ్యా, పార్టీ అరగంటల వస్తుండు. ఉయ్యాల ఫంక్షన్ రేపే. ఈ తామర ఐలవ్వతోని అయితలేదు, వెనక తలుపు నుంచి వచ్చి జర నువ్వే కుట్టిపో. బయట ఎవ్వరికీ చెప్పకు. రెండొందలు ఎక్కువిస్త."

"ఇయ్యాల నాకు రెండోరోజు మేడమ్."

"తెల్సు. ఈ ఒక్కదానికి పట్టింపు లేదులే."

నవ్యశ్రీ, అవ్వ ఉండే గదికి కిరాయి ఈ మిషన్ మీదే వెళుతోంది. చేతికంటిన సుద్దను చీరకు తుడుచుకుని లేచింది.

"కుడత మేడమ్. మిషన్ ఈడికి తెప్పియ్యుండ్రి."

"రోడ్డు మీదనా? పార్టీ చూస్తడు!"

"చూడనియ్యుండ్రి. ఈడ కూసున్నోళ్లే కుట్టిండ్రని తెలుస్తది. లేదంటే ముందటి తలుపుల నుంచి, అందరు చూస్తుండంగ లోపలికొస్త. వెనక తలుపు నుంచైతే రాను."

"అగ బై! నోరు జూడు దీనిది," అంది సక్కుబాయి. "రేపటిసంది రానే రాకు!"

చెప్పిన అరగంట కాకముందే గేటు దగ్గర పార్టీ కారు హారన్ మోగింది.

ఐలవ్వ చేతిలోని బొంతను నవ్యశ్రీ భుజం మీద వేసి లోపలికి నడిచింది. వంగి, తన మిషన్ బల్ల కాలు పట్టుకుంది. అది ఒక్కరు లేపితే లేచే బరువు కాదు.

"రెండో దిక్కు ఎవ్వరు పడతరే?"

పది మిషన్లూ ఆగాయి.